పేరు కొట్టించిన డిస్కు

మా చర్చిలో పేరు లేని వస్తువు ఉండదు. ఫ్యానుకి మూడు రెక్కలుంటే ఒక రెక్క మీద దాతగారి పేరు, రెండోదాని మీద ఆయన తండ్రిగారి పేరు, మూడోదాని మీద ఊరి పేరు ఎర్ర రంగుతో రాసి ఉంటాయి. తిరుగుతున్నంతసేపూ ఏమీ కనబడదు. కరెంటు పోయినప్పుడు మాత్రం, చెమటలు కక్కుతూ తల పైకెత్తిన వాళ్ళందరికీ దాతలు వరసగా కనిపిస్తారు. కుర్చీల వీపుల మీద పేర్లు, గోడ గడియారం అద్దం మీద పేరు, మంచినీళ్ళ గ్లాసుకి కట్టిన గొలుసు బిళ్ళ మీద పేరు. ఆ గ్లాసుని ఎవరో ఎప్పుడో ఎత్తుకుపోయారు. గొలుసూ బిళ్ళా ఇంకా ఉన్నాయి.

ఇలా ఎగతాళిగా రాస్తే మావాళ్ళు నొచ్చుకుంటారు. నొచ్చుకోనివ్వండి. ఈ పేర్ల పిచ్చి మూలంగానే మా నాన్న గొంతు పోయింది. నిజానికి ఆయన గొంతు రెండుసార్లు పోయింది. మొదటిసారి రాజమండ్రి ఆస్పత్రిలో డాక్టర్లు తీసేశారు. అది క్యాన్సరు, దానికి ఎవర్నీ అనేది లేదు. రెండోసారి మా చర్చి కమిటీవాళ్ళు తీసేశారు. నా కోపమంతా ఆ రెండోదాని మీద.

మా ఊరు కొవ్వూరుకి దగ్గర. మా నాన్న పల్లెటూరి బడిలో మాస్టారుగా చేసి రిటైరయ్యారు. అంతకంటే ముఖ్యంగా, నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ చర్చిలో కీర్తన ఎత్తుకునేది ఆయనే. మా పాత కీర్తనల పుస్తకంలో ప్రతి పాట నెత్తి మీదా రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి గానీ, వాటిని చూసి పాడినవాడు ఎవడూ లేడు. వరస అనేది ఒక గొంతులోంచి ఇంకో గొంతులోకి రావలసిందే. ఒకే కీర్తనని మొగల్తూరు వైపు ఒకలా పాడతారు, మా వైపు ఇంకోలా పాడతారు. ఇప్పటి కుర్రకారుకి కీబోర్డు మీద వాయించే కొత్త పాటలు తప్ప ఇవేవీ రావు. తనతో పాటే ఇవన్నీ పోతాయని మా నాన్నకి బెంగ. అందుకని సాయంత్రాలు చర్చి పక్క గదిలో కూర్చుని, తనకొచ్చిన వరసలన్నీ చర్చి కంప్యూటర్లోకి పాడటం మొదలుపెట్టారు. నేను కొవ్వూరులో ఒక హైస్కూల్లో కంప్యూటర్లు చెబుతాను కాబట్టి రికార్డింగు పని నాది.

ఆయనది తీపి గొంతు కాదు. మైకులు లేని రోజుల్లో తయారైన గొంతు, చివరి బెంచీలో కునుకు తీస్తున్నవాణ్ణి లేపగలిగిన గొంతు. ఆ రికార్డింగుల్లో పాటలే కాదు, "ఆ ఫ్యాను ఆపవే, గాలంతా మైకులోకి పోతోంది" అని నన్ను కసురుకోవడం ఉంది. "ఇది మా అమ్మ నాట్లేస్తా పాడిన వరస. పుస్తకంలో ఏదో రాగం రాశాడుగానీ వాడికేం తెలుసు" అనడం ఉంది. దగ్గు ఉంది. చివరికొచ్చేసరికి ఆ దగ్గే ఎక్కువైంది. గొంతు బొంగురుపోయింది. పరీక్షలు చేయిస్తే సంగతి బయటపడింది. స్వరపేటిక తీసేశారు. ఇప్పుడు ఆయన మెడ ముందు చిన్న కన్నం, దాని మీద తెల్లగుడ్డ. ఏదైనా చెప్పాలంటే ఫోన్లో ఒక్క వేలితో టైపు చేసి చూపిస్తారు.

మరి ఇంట్లో వీడియోలేవీ లేవా అని మీరు అడగొచ్చు. మా ఇంటి పెళ్ళిళ్ళ వీడియోలన్నిట్లో మా నాన్న ఉన్నారు. నోరు కదుపుతూ, చేతులు తిప్పుతూ, ఎవరినో కేకలేస్తూ ఉన్నారు. పైన మాత్రం సినిమా పాట వేసి ఉంటుంది. మా వైపు వీడియో తీసేవాళ్ళకి మనుషుల మాటలంటే చెత్తతో సమానం. కాబట్టి ఆపరేషన్ తర్వాత మా నాన్న గొంతు ఈ లోకంలో ఒకే ఒక్క చోట ఉంది. అది చర్చి కంప్యూటరు.

ఆ కంప్యూటరు మహా బద్ధకస్తురాలు. ఆన్ చేసి, వెళ్ళి టీ తాగి వచ్చినా ఇంకా తెరుచుకునేది కాదు. దాన్ని బాగుచేయించే భారం మా చర్చి సెక్రటరీగారు నెత్తిన వేసుకున్నారు. ఆయన ట్రెజరీ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. చిన్నప్పుడు మా నాన్న దగ్గరే చదువుకున్నారు. చెడ్డవారు కాదు. తాళం వేసిందల్లా భద్రమనీ, తాళం వెయ్యనిదల్లా దొంగలపాలనీ నమ్ముతారు, అంతే. ఆయన రాజమండ్రిలో పాత హార్డ్ డిస్కు తీయించి, అందులోవన్నీ ఎస్సెస్డీ అనే కొత్తరకం డిస్కులోకి ఎక్కించి తెచ్చారు. పాతదాన్ని ఆ షాపులోనే మార్పిడికి ఇచ్చేశారు.

"చూశారామ్మా, కళ్ళు మూసి తెరిచేలోగా వచ్చేసింది. ఇందులో తిరిగే చక్రం అంటూ ఏదీ ఉండదంట. తిరిగేది లేనప్పుడు అరిగేది ఉండదు, పాడయ్యేదీ ఉండదు" అన్నారు.

కదలనిది పాడవదన్నదే నిజమైతే మా కమిటీ ఊరగాయలా ఏళ్ళ తరబడి నిలవుండాలి. అందులో కదిలే మనిషి ఒక్కడూ లేడు. ఆ మాట పైకి అనలేదు. కమిటీ మీటింగులో మాత్రం నిలబడి చెప్పాను. పాత హార్డ్ డిస్కు పోయేముందు టకటక కొట్టుకుంటుంది, మూలుగుతుంది, మనం సర్దుకోవడానికి కాస్త వ్యవధి ఇస్తుంది. ఇది అలా కాదు. రాసినకొద్దీ లోపల అరుగుతుంది. కరెంటు ఠపీమని పోయి వచ్చినప్పుడల్లా దెబ్బ తింటుంది. పోయే రోజున చప్పుడు చెయ్యకుండా పోతుంది. పొద్దున పలికింది సాయంత్రం పలకదు. మన యూపీఎస్ బ్యాటరీ చచ్చి చాలాకాలమైంది, దాని మీద దాతగారి పేరు ఒక్కటే బతికి ఉంది. అందుకని కాపీలు తీయాలి, అవి వేరే చోట ఉండాలి, వేరే చోటంటే వేరే ఇంట్లో అని చెప్పాను.

"వేరే ఇంట్లోనా?" అన్నారు సెక్రటరీగారు. "చర్చి ఆస్తి వేరే ఇంట్లో ఎలా పెడతామమ్మా. రేపెవరైనా యూట్యూబులో పెట్టేస్తే?"

"పెడితే నలుగురూ వింటారండి."

"అదేనమ్మా భయం" అన్నారు ఆయన.

అందరూ తలలూపారు. చర్చి మైకుతో, చర్చి కంప్యూటర్లో, చర్చి కరెంటుతో తీసిన రికార్డింగులు చర్చి ఆస్తి అనీ, కమిటీ అనుమతి లేకుండా ఎవరూ కాపీ తియ్యకూడదనీ అక్కడికక్కడే తీర్మానం అయిపోయింది. మా కమిటీలో ఇంత త్వరగా జరిగిన పని ఇంకోటి నేను చూడలేదు.

కొత్త డిస్కు వచ్చినరోజే నేను ఒక పెన్‌డ్రైవ్‌లో కాపీ తీసి పెట్టుకున్నాను. ఆ సంగతి ఎవరి ద్వారా తెలిసిందో, మర్నాడు సాయంత్రం సెక్రటరీగారు మా ఇంటికొచ్చారు. మా వైపు మనుషులు మెడ కొయ్యాల్సి వచ్చినా "కాస్త తల వంచుతారా అండి" అని అడిగి మరీ కోస్తారు. ఆయన మంచినీళ్ళు తాగి, మా నాన్న ఆరోగ్యం కనుక్కుని, ఈ ఏడు మామిడికాపు ఎలా ఉందో మాట్లాడి, అప్పుడు అన్నారు. "మీ మీద అనుమానం కాదమ్మా. పద్ధతి. రేపు ఇంకొకరొచ్చి, మాస్టారింట్లో ఉంటే లేని తప్పు మా ఇంట్లో ఉంటే వచ్చిందా అంటారు."

నేను ఇవ్వనన్నాను. అది మా నాన్న గొంతు, ఎవరి తీర్మానం ఎవరికి అన్నాను. అప్పుడు మా నాన్న ఫోన్ తీసుకుని, ఒక్క మాట టైపు చేసి నా వైపు తిప్పారు. "ఇచ్చెయ్."

జీవితమంతా చర్చి కట్టుబాటు దాటని మనిషి ఆయన. ఇచ్చేశాను. సెక్రటరీగారు నా లాప్‌టాప్‌లోనే, నా చేతే, అందులోవన్నీ చెరిపించారు. చెరిపించాక పెన్‌డ్రైవ్‌ని నాకు రెండు చేతులతో తిరిగి ఇచ్చారు. వస్తువు నాది కదా, అన్యాయం చెయ్యలేరు. ఆ తర్వాత చర్చి కంప్యూటరుకి పాస్‌వర్డ్ పెట్టారు. అది ఆయనకి తప్ప ఇంకెవరికీ తెలియదు.

అయినా నేను ఊరుకోలేదు. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక బ్యాకప్, బ్యాకప్ అని పోరగా పోరగా, నా నస భరించలేక, కమిటీ ఒక చిన్న డిస్కు కొనడానికి ఒప్పుకుంది. అదీ ఎస్సెస్డీయే, బయట నుంచి తగిలించేది, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. చనిపోయిన కాంట్రాక్టరుగారి భార్య ఒకావిడ, దాన్ని భర్త పేరు మీద తానే ఇస్తానంది. మంచి మనసుతోనే ఇచ్చింది. సెక్రటరీగారు పక్కన నిలబడి చూస్తుండగా, రికార్డింగులన్నీ అందులోకి నేనే ఎక్కించాను. ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్నాను కూడా. "ఆ ఫ్యాను ఆపవే" అన్నారు మా నాన్న నా చెవిలో. చాలా రోజుల తర్వాత ఆ రాత్రి నాకు నిద్రపట్టింది.

ఇక అక్కడి నుంచి అసలు కథ. దాత అన్నాక పేరుండాలి. డిస్కు చూస్తే ఇంత ముక్క. రంగుతో రాస్తే అక్షరాలు అలుక్కుపోతాయి. స్టిక్కరు వేద్దామని ఒకరన్నారు. ఊడిపోతుంది, ఆయన పేరు ఊడి కింద పడితే నేను చూడలేను అని ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఆడమనిషి కన్నీళ్ళు పెట్టుకుంటే మా కమిటీకి వెంటనే బుర్ర పనిచేస్తుంది. ఎవరి బుర్రకో స్టీలు సామాన్ల కొట్టు తట్టింది.

మా దగ్గర పెళ్ళికి బిందె పెట్టినా, గృహప్రవేశానికి పళ్ళెం ఇచ్చినా, దాని మీద పేరు కొట్టించకుండా ఇవ్వరు. కొట్టువాడి దగ్గర జర్రుమనే చిన్న మిషను ఉంటుంది. దాని సూది మొన వణుకుతూ స్టీలు మీద చుక్కలు చుక్కలుగా అక్షరాలు చెక్కుతుంది. సెక్రటరీగారు మా నాన్న గొంతుని జేబులో వేసుకుని కొవ్వూరు బజారులో ఆ కొట్టుకి వెళ్ళారు. కొట్టువాడు డిస్కుని అటూ ఇటూ తిప్పి చూసి, "గిన్నె ఏదండి?" అన్నాడట. ఇదేనని చెప్పాక వాడు మాత్రం ఏం చేస్తాడు. గుండిగల మీద, కాగుల మీద పేర్లు చెక్కి చెక్కి అలవాటైన చెయ్యి. డిస్కు పైరేకు చూస్తే పల్చన. ఒకవైపు సిలువ గుర్తు, కీర్తిశేషులవారి పేరు, జ్ఞాపకార్థం. రెండోవైపు భార్య, కొడుకులు, కోడళ్ళు. మనవల పేర్లకి చోటు చాల్లేదని ఆవిడ తర్వాత బాధపడింది.

ఇదంతా నాకు ప్రతిష్ఠ రోజున తెలిసింది. మా చర్చిలో కొత్త వస్తువు ఏదొచ్చినా ప్రతిష్ఠ ప్రార్థన జరగాలి. డిస్కుని ఎర్ర మఖమలు గుడ్డ మీద పెట్టారు. పాస్టరయ్యగారు దాని మీద చేతులుంచి, దొంగల నుంచి, చెద నుంచి, శత్రువుల నుంచి దాన్ని కాపాడమని చాలాసేపు ప్రార్థించారు. స్టీలు కొట్టు నుంచి కాపాడమని ప్రార్థించడానికి అప్పటికే ఆలస్యమైంది. దాతగారి కుటుంబం చుట్టూ నిలబడితే ఫొటోలు తీశారు. కేకు కోశారు. నేను దగ్గరికెళ్ళి చూస్తే ఆ అక్షరాలు లోతుగా, గరుగ్గా ఉన్నాయి.

"ఒక్కసారి తగిలించి చూద్దామండి" అన్నాను.

"ఇప్పుడా అమ్మా?" అన్నారు సెక్రటరీగారు, చిన్న గొంతుతో. "ప్రతిష్ఠించిన వస్తువు. ఆవిడ ఎదురుగా పనిచేస్తుందో లేదో చూస్తే ఏం బాగుంటుంది చెప్పండి."

అందరూ నా వైపు చూశారు. దాత ఎదుట దానాన్ని శంకించిన మనిషిని చూసినట్టు చూశారు. ఆవిడ కేకు ముక్క పళ్ళెంలో పట్టుకుని, ఏమైందో తెలియక, నాకు ఇంకో ముక్క పెట్టబోయింది. మా నాన్న ఫోన్ ఎత్తి చూపించారు. "ఊరుకో." కేకు తిన్నాను. గోదావరి జిల్లాల మర్యాద అంటే ఇదే, ఎదుటివాడు నొచ్చుకుంటాడని కళ్ళముందు మునిగిపోతున్నదాన్ని కూడా చూడనట్టు ఊరుకోవడం. నాకూ అది తల్లిపాలతోనే అబ్బింది.

డిస్కు చర్చి బీరువాలో, ప్రభురాత్రి భోజనం వెండి గిన్నెల పక్కన చేరింది. ఆ బీరువాకి రెండు తాళాలు. ట్రెజరీ పద్ధతి. ఒకటి సెక్రటరీగారి దగ్గర, రెండోది కోశాధికారిగారి దగ్గర. ఇద్దరూ ఒకేసారి ఉంటే గానీ తెరుచుకోదు. నేను అడిగినప్పుడల్లా ఒకరుంటే ఒకరుండరు. కోశాధికారిగారు విశాఖపట్నంలో కూతురి దగ్గరుంటారు, లేదంటే సెక్రటరీగారు కంటి ఆపరేషన్‌కి వెళ్ళి ఉంటారు. ఇద్దరూ ఊళ్ళో ఉన్న రోజున, "బయటికి తీసినకొద్దీ పాడవుతుందమ్మా, అందులో చల్లగా ఉంది" అనేవారు. దాచడమంటే కళ్ళకి కనపడకుండా చెయ్యడమేనని మావాళ్ళ ఉద్దేశం. బంగారానికి అది సరిపోతుంది.

కోత పండుగ వచ్చింది. ఆ రోజు అందరూ చేలో పండింది, దొడ్లో కాసింది తెచ్చి చర్చిలో పెడతారు. గుమ్మడికాయలు, అరటిగెలలు, బియ్యం, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. చివర్లో అన్నిటినీ వేలం వేస్తారు. ఆ ఏడాది మా నాన్న పాడిన కోతకాలపు కీర్తన కంప్యూటర్లోంచి మైకులో వినిపిద్దామని సెక్రటరీగారే అన్నారు. నిజం చెప్పాలంటే ఆ ఆలోచనకి నేను ఆయన మీద కోపం కొంత తగ్గించుకున్నాను కూడా. మా నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడకి కొత్త తెల్లగుడ్డ కట్టుకుని, ముందు వరసలో కూర్చున్నారు. తాళం వెయ్యడానికి కుడిచెయ్యి మోకాలి మీద సిద్ధంగా పెట్టుకున్నారు.

సెక్రటరీగారు బటను నొక్కారు. నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు రెండు వరసలు వచ్చాయి. ఆపి మళ్ళీ నొక్కారు. అవే అక్షరాలు. నేను లేచి వెళ్ళి చదివాను. లోపల డిస్కు అంటూ ఏదీ లేదని కంప్యూటరు చెబుతోంది. ముందు రోజు సాయంత్రం దాని మీదే పండుగ కరపత్రం టైపు చేశారు. మధ్యలో కరెంటు పోయి వచ్చిందట, అంతకు మించి ఏమీ జరగలేదట.

మైకు కరకరలాడుతూ ఖాళీగా ఉంది. మా నాన్న చెయ్యి మోకాలి మీదే ఉంది. ఆయన ఎప్పుడూ పాట మొదలవడం కోసం ఎదురుచూసిన మనిషి కాదు, మొదలుపెట్టే మనిషి. అక్కడ అలా చెయ్యి పెట్టుకుని కూర్చున్న ఆయన్ని చూస్తే నాకు ఏడుపు తన్నుకొచ్చింది. పాస్టరయ్యగారు కాసేపు చూసి, "సరే, వేలం మొదలుపెడదామండి" అన్నారు. గుమ్మడికాయ పాట మొదలైంది. అందరూ ఉత్సాహంగా పాడుకున్నారు.

వేలం ముగిశాక, ఆ రోజు అదృష్టం కొద్దీ తాళాలు రెండూ ఊళ్ళో ఉన్నాయి కాబట్టి, బీరువా తెరిచారు. డిస్కు మఖమలు గుడ్డలో తళతళలాడుతోంది. నా లాప్‌టాప్‌కి తగిలించాను. లైటు వెలగలేదు. వైరు మార్చాను. ఇంకో లాప్‌టాప్‌కి పెట్టాను. దాని మీద కీర్తిశేషులవారి పేరు మాత్రం స్పష్టంగా కనిపిస్తోంది.

మర్నాడు సెలవు పెట్టి, రెండు డిస్కులూ తీసుకుని వంతెన దాటి రాజమండ్రి వెళ్ళాను. సెక్రటరీగారు కూడా వచ్చారు. రిపేరు షాపతను కంప్యూటరు డిస్కుని పరీక్షించి పెదవి విరిచాడు. "పాత హార్డ్ డిస్కయితే లోపల పళ్ళెం ఉంటుంది కాబట్టి ఏదో తంటాలు పడేవాళ్ళమండి. ఇందులో మీ ఫైళ్ళు ముక్కలు ముక్కలుగా చిప్పుల్లో పడుంటాయి. ఏ ముక్క ఎక్కడుందో తెలిసిన చిప్పు ఒకటుంటుంది, అది పోయింది" అన్నాడు. తర్వాత రెండోది విప్పాడు. సూది మొన రేకుని తూట్లు పొడిచి లోపలి బోర్డు దాకా దిగింది. భర్తగారి పేరున్న చోట ఒక గీత, కోడళ్ళున్న చోట రెండు గీతలు. అతను భూతద్దం పెట్టుకుని చాలాసేపు చూశాడు. "నా సర్వీసులో నీళ్ళల్లో పడినవి చూశాను, కుక్క కొరికినవి చూశాను. దీనికేమైందండి?" అన్నాడు.

నేను సెక్రటరీగారి వైపు చూశాను. ఆయన షాపు బయట ఆటోల వైపు చూస్తున్నారు. రెండు డిస్కుల్నీ హైదరాబాదు పంపించారు. కొన్ని వారాలకి, ఏమీ రాదన్న కబురుతో పాటు తిరిగొచ్చాయి.

కమిటీ మీటింగు పెట్టారు. ఎవరి తప్పూ లేదని తేలింది. దేవుని చిత్తమని ఒకరన్నారు. దేవుడు స్టీలు కొట్టుకి వెళ్ళమన్నాడా అని నేనడిగాను. ఆడవాళ్ళు ఆవేశపడకూడదని ఒక పెద్దాయన సౌమ్యంగా చెప్పారు. ఈసారి రెండు డిస్కులు కొనాలని నిర్ణయించారు. రెండోదాని దాత ఎవరన్న దాని మీద గంటసేపు చర్చ జరిగింది. ముగ్గురు ముందుకొచ్చారు. ఈసారికి మాత్రం స్టిక్కరు చాలని అందరూ పెద్దమనసుతో ఒప్పుకున్నారు. ఆ కొత్త డిస్కుల్లో ఏం పెడతారని ఎవరూ అడగలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నా కొంత నయం, మావాళ్ళు ఆకుల మీద ఎవరి పేరు రాయాలో తేల్చుకుంటున్నారు.

మా నాన్న ఆ రోజుల్లో ఫోన్ ముట్టుకోవడం మానేశారు. నాతో కూడా ఏమీ టైపు చేసేవారు కాదు. తిండి తగ్గింది. ఆపరేషన్ అయినప్పుడు కూడా ఆయన ఇలా అవ్వలేదు. అప్పుడు గొంతు వేరే చోట ఉందన్న ధీమా ఉంది.

అలాంటప్పుడు ఒక సాయంత్రం సెక్రటరీగారు వచ్చారు. యాపిల్ పళ్ళు తెచ్చారు. మా నాన్న ఎదురుగా కుర్చీ అంచు మీద కూర్చున్నారు. కాసేపు వర్షాల గురించి, చేపల ధరల గురించి మాట్లాడి, గొంతు సవరించుకున్నారు.

"అయిందేదో అయిందండి మాస్టారూ. కొత్త డిస్కులు వచ్చినయ్యండి. ఈసారి ఒకటి మీ ఇంట్లోనే పెట్టుకోండి, నేను కమిటీని ఒప్పిస్తాను. మీరు కాస్త ఓపిక చేసుకుని, ఆ పాటలు మళ్ళీ ఒక్కసారి పాడి పెట్టేస్తే..."

ఆయన వెటకారానికి అనలేదు. అదే ఘోరం. మర్యాదగా ఏదో ఒక దారి చూపించాలన్న తొందరలో, ఎవరితో మాట్లాడుతున్నారో మర్చిపోయారు. నేను చేతిలో టీ గ్లాసుతో నిలబడిపోయాను. దాన్ని ఆయన మొహాన కొట్టాలనిపించింది. నోరు తెరవబోయాను. మా నాన్న చెయ్యెత్తి నన్ను ఆపారు.

ఆయన లేచి లోపలికెళ్ళి తన పాత హార్మోనియం తెచ్చారు. నేల మీద కూర్చున్నారు. సెక్రటరీగారిని వేలితో పిలిచి ఎదురుగా కూర్చోమన్నారు. తిత్తి లాగి, కోతకాలపు కీర్తన పల్లవి ఒకసారి వాయించారు. ఆపి, ఆయన వైపు గడ్డం ఎగరేశారు.

"నేనాండి? నాకు వరసలెక్కడొచ్చండి మాస్టారూ" అన్నారు సెక్రటరీగారు.

మా నాన్న మళ్ళీ అదే వాయించారు. ఆయన కళ్ళలో బడిలో ఉన్నప్పటి కోపం చూశాను. సెక్రటరీగారు పాడారు. మేకపోతు గొంతు. రెండో మాట దగ్గరే వరస జారిపోయింది. మా నాన్న హార్మోనియం చెక్క మీద వేలి కణుపులతో ఠక్కున కొట్టి, తల అడ్డంగా ఊపి, జారినచోటు మళ్ళీ వాయించారు. మళ్ళీ జారింది. మళ్ళీ కొట్టారు. టీ చల్లారిపోయింది. ఇద్దరూ దాన్ని ముట్టుకోలేదు. చాలాసేపటికి ఆ ఒక్క పల్లవి, ఏదో గుర్తుపట్టేటట్టు వచ్చింది. సెక్రటరీగారి చొక్కా చెమటకి తడిసి వీపుకి అంటుకుంది. వెళ్ళబోతుంటే మా నాన్న, ఇన్ని రోజుల తర్వాత, ఫోన్ తీసి టైపు చేసి చూపించారు.

"రేపు కూడా రా."

గేటు దాకా సాగనంపడానికి నేనే వెళ్ళాను. ఆయన చెప్పులు వేసుకుని, గేటు గడియ పట్టుకుని ఆగిపోయారు.

"నేను మాస్టారిని ఏమడిగానో ఇప్పుడు తెలిసిందమ్మా" అన్నారు. కళ్ళు తుడుచుకున్నారు.

అలాంటప్పుడు మా వైపు ఎవరైనా "అబ్బే, పర్వాలేదండి" అంటారు. నేను అనలేదు.

ఆయన మర్నాడు వచ్చారు. ఇప్పటికీ వస్తున్నారు. మా నాన్న వాయిస్తారు, కొడతారు, తలూపుతారు. ఆయన పాడతారు. కొన్ని వరసలు ఇద్దరికీ కలిపి గుర్తురావడం లేదు. నేను రోజూ ఫోన్లో రికార్డు చేసి, ఒక కాపీ స్కూల్లో, ఒక కాపీ పెద్దాపురంలో మా అక్క ఇంట్లో పెడుతున్నాను. అప్పుడప్పుడూ అన్నీ తగిలించి వినిపిస్తున్నాయో లేదో చూస్తున్నాను. బాగానే వినిపిస్తున్నాయి. సెక్రటరీగారి అపస్వరాలు మూడు చోట్ల భద్రంగా ఉన్నాయి. మా నాన్న గొంతు ఒక్క చోట కూడా లేదు.